ఎదుటివాని కంట్లో మన వెలుగు



వరికోతల కాలంలో నస్రుల్లాబాద్ నుండి బాన్సువాడకు రాత్రివేళ ప్రయాణించిన వారికి ఆ రోడ్డు సంగతి తెలుసు. నిజాంసాగర్ నీటితో పండిన వడ్లు రోడ్డు పక్కన ఆరబోసి ఉంటాయి. వాటి అంచున వరుసగా రాళ్లు పెట్టి ఉంటాయి. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ముందు పోతుంటుంది. ఇటువంటి చోట మంచి వెలుతురు కావాలని కోరుకోవడం తప్పు కాదు.

నేనూ కోరుకున్నాను. నా పాత కారు దీపాలు మసకబారాయి. మన విచారణ యువకుడొకడు "ఎల్‌ఈడీ బల్బులు ఏస్త ఫాదర్, అరగంట పని" అన్నాడు. నా నివాసం ముంగిట్లోనే పాత హాలోజెన్ బల్బులు తీసి కొత్తవి బిగించాడు. ఆ రాత్రి రోడ్డు పట్టపగలులా కనిపించింది. దేవునికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను.

మూడవనాడు సాయంకాలం దివ్యబలిపూజ ముగించుకొని తిరిగి వస్తున్నాను. ఎదురుగా మోపెడ్ మీద వస్తున్న ఒక పెద్దాయన ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకొని, పక్కకు తిప్పి, వడ్ల రాళ్లకు తగిలి పడ్డాడు. పరుగెత్తి వెళ్లి లేపాను. మోకాలు గీరుకుపోయింది. దైవకృప వలన అంతకు మించి దెబ్బ తగలలేదు. "రాళ్లు ఎర్కనే సారూ, రోజు వచ్చే తొవ్వనే. మీ లైటుకు కండ్లల్ల చీకట్లొచ్చినయ్" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది నన్ను ఇంకా వదలలేదు.

కారు నాది. డబ్బు నాది. మార్పు చేసుకున్నది నా ముంగిట్లో. ఎవరికీ కీడు తలపెట్టలేదు. మరి నేను దోషినా?

ముందు జరిగినదేమిటో చూద్దాం. మన పాత కార్లలో ఎక్కువగా కనిపించే హాలోజెన్ బల్బులో రెండు సన్నని తీగలుంటాయి. ఒకటి దూరపు వెలుతురుకు, ఒకటి డిప్పుకు. డిప్పు తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. వెలుతురు ఎదుటివారి కళ్లలోకి ఎగరకుండా అది ఆపుతుంది. వెనుకనున్న రిఫ్లెక్టరును ఆ తీగ ఉండే చోటును బట్టి లెక్కగట్టి చేస్తారు. ఎల్‌ఈడీ ఆకారం వేరు. అది వెలుగు చిమ్మే చోటు ఏ కొంచెం తేడాగా ఉన్నా వెలుతురు చెదరిపోతుంది. తప్పు ఎల్‌ఈడీది కాదు. నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. దానికోసమే తయారుచేసిన దీపంలో అది చక్కగా పనిచేస్తుంది. మరొకదానికోసం చేసిన దీపంలో దాన్ని దూర్చడంలోనే చిక్కు ఉంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కన్నును ముందు దీపం మిరుమిట్లు గొలపరాదు. ఎదుటి మనిషి కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో చట్టం కొలిచి పెట్టింది. నేను కొలవలేదు.

ఒకే పనికి రెండు ఫలితాలుండవచ్చునని 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు ఆత్మరక్షణను గురించి చెబుతూ వివరించారు. తనను కాపాడుకోవడం మనిషి కోరిన ఫలితం. ఎదుటివానికి తగిలిన దెబ్బ కోరనిది. అయితే అవసరానికి మించిన బలం వాడితే ఆ పని ధర్మం తప్పుతుందని ఆయన హెచ్చరించారు. దారి చూసుకోవడం నేను కోరిన ఫలితం. ఆ పెద్దాయన కళ్లు చీకట్లు కమ్మడం నేను కోరనిది. కనుక నేను నిర్దోషినని చెప్పుకోవచ్చునా?

చెప్పుకోలేను. అంతకు ముందు రెండు రాత్రులూ ఎదుటి బండ్లవాళ్లు లైట్లు ఆర్పి వెలిగించి నాకు చెబుతూనే ఉన్నారు. వీళ్లకు ఓపిక లేదనుకున్నాను. నాది తెలియనితనం కాదు, తెలుసుకోవడానికి ఇష్టపడనితనం. "నా ఉద్దేశం మంచిదే" అనే మాట దానికి ముసుగు మాత్రమే. పైగా రోడ్డు మీద చేసిన తప్పుకు సాక్షి ఉండడు. మన బండి దాటిపోతుంది. బాధపడినవాడు వెనుక చీకట్లో మిగిలిపోతాడు. ఆనాడు నేను చూశాను కాబట్టి తెలిసింది. చూడకుండా దాటి వచ్చినవారు ఎందరో!

"అందరూ వేసుకుంటున్నారు కదా ఫాదర్, మేమొక్కరమే మానితే మాకే కనబడదు" అని కొందరంటారు. ఆ ఇబ్బంది నిజమే. కాని ప్రతివాడూ పక్కవాని కన్న వెలుగు పెంచుకుంటూ పోతే చివరకు అందరి కళ్లూ బైర్లు కమ్ముతాయి. అందరికన్న ముందు నష్టపోయేది దీపమే లేని సైకిలు మనిషి, నడిచిపోయే కూలి తల్లి. త్రాగుడు వలన గాని, వేగం మీది మోజు వలన గాని దారిలో ఇతరుల ప్రాణాలను అపాయంలో పడవేయడం ఘోరమైన దోషమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది. అక్కడ దీపాల ప్రస్తావన లేకపోయినా దానిలోని ధర్మం ఒక్కటే. 2007లో వాటికన్ వాహన చోదకులకు ఇచ్చిన పది ఆజ్ఞలలో రోడ్డు మీద బలహీనుని కాపాడమన్నది ఒకటి.

పాత రకం బల్బులే మళ్లీ వేయించాను. పసుపెక్కిన దీపపు అద్దాన్ని పాలిష్ పట్టించాను. ఉన్న వెలుతురు చాలావరకు ఆ మసకలోనే ఆగిపోయిందని అప్పుడు తెలిసింది! కారును గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, డిప్పు వెలుతురు పై అంచు దీపాల ఎత్తుకంటే కొద్దిగా కిందనే పడుతున్నదో లేదో చూసి సరిచేయించాను.

దీపాన్ని దీపస్తంభం మీద పెట్టేది ఇంటిలోని వారందరికీ వెలుగు కలగడానికని ప్రభువు బోధించారు. రాత్రివేళ డిప్పర్ వాడమని మన లారీల వెనుక రాసి ఉండేది కూడా అందుకే. వెలుగు ఉన్నవాడు ఎదుటివాని కోసం దాన్ని కాస్త దించాలి.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ ఇంటివారినెవరినైనా బండిలో కూర్చోబెట్టి డిప్పు లైటు వేయమనండి. మీరు ముందుకు వెళ్లి, పది అడుగులు కాదు, ముప్పై అడుగుల దూరంలో ఎదురుగా నిలబడండి. ఇతరులు మనకేమి చేయాలని కోరుతామో మనమూ వారికి అదే చేయాలన్న ప్రభువు ఆజ్ఞ మీకు అక్కడ అర్థమవుతుంది.