అగ్ని దహింపని అలవాటు

పఠనము: లూకా 16:10

1812 మార్చి 11న సేరంపూరు మిషను ముద్రణాలయము అగ్నిపాలాయెను. విలియం కేరీ అనేక సంవత్సరములు ప్రయాసపడి సిద్ధపరచిన వ్రాతప్రతులు దగ్ధమయ్యెను. అయితే ఉదయముననే లేచి, హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏకాంతమున ప్రార్థించి పనికి పూనుకొను ఆయన వాడుకను అగ్ని ముట్టలేదు. కోల్పోయిన పనిని ఆయన మరల ఆరంభించెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చటనే అచ్చయ్యెను.

ప్రియ చదువరీ, సంవత్సరారంభమున గొప్ప తీర్మానములు చేయుట సులభము. పదియవ దినమునకే అవి సడలును. నేడు ఒక అధ్యాయము, ఒక ప్రార్థన, రేపును అదియే. తప్పిపోయిన దినమునుబట్టి క్రుంగిపోక, మరుసటి ఉదయము మరల మోకరించుము.

ప్రార్థన: ప్రభువా, చిన్న విధులయందు నీ బిడ్డలను స్థిరపరచుము. ఆమేన్.