ఎదురుచూపుకు లెక్క ఏది?

10 ఊళ్లను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 45 బస్సు రూట్లు కావాలి. వాటిలో ఒకదాన్ని కూడలి చేస్తే 9 చాలు. సంస్థకిది పొదుపే. ఆ పొదుపు కోసం కూడలిలో దిగి, మరో బస్సుకై చీకట్లో నిలబడేదెవరు? బడి, ఆసుపత్రి, అంగడి, పని కలుపుకుంటూ ముక్కలుముక్కలుగా ప్రయాణించే స్త్రీలకే ఆ భారం ఎక్కువ. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఛార్జీ లేదు. ఎదురుచూపు మాత్రం ఉచితం కాదు.

భద్రత అనగానే కెమెరాలు పెడతారు. ఆఖరి బస్సు రాకపోతే కెమెరా మన ఒంటరితనాన్ని రికార్డు చేస్తుంది, అంతే. వేళకు వచ్చే బస్సే మొదటి రక్షణ. మన భయాన్ని ఖర్చుగా రాయని లెక్కను పొదుపు అని ఎలా అనగలం?