నా ఎడిటర్‌లో ఎవరెవరున్నారు

మొన్న సంక్రాంతికి జహీరాబాద్ వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు లాప్‌టాప్ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. బీటెక్ రెండో ఏడు. "మామా, నీ నియోవిమ్ సెటప్ మొత్తం నాకియ్యరాదు" అన్నాడు. ఒక ఫోల్డర్ కాపీ చేస్తే అయిపోయే పని. ఇచ్చేముందు ఊరికే లెక్కపెట్టాను. 63 ప్లగిన్లు. వాటిలో 19 అసలేం చేస్తాయో నాకే గుర్తు లేదు.

కోడ్ రాయనివాళ్ళ కోసం ఒక్క మాట. మేం రోజంతా కూర్చునేది ఎడిటర్ ముందు. అది వచ్చినప్పుడు ఖాళీ గదిలా ఉంటుంది. రంగులు కావాలంటే ఒక ప్లగిన్, ఫైలు వెతకాలంటే ఇంకొకటి, బ్రాకెట్ మూయడానికి మరొకటి. ఎక్కువ భాగం ఊరికే దొరుకుతాయి. ఎక్కడో ఎవరో, ఉద్యోగం అయ్యాక, పిల్లలు పడుకున్నాక రాసినవి. ఒక లైను చేరిస్తే చాలు, వచ్చేస్తాయి.

వచ్చినవాటికి ఇల్లంతా తెరిచే ఉంటుంది, అదీ సంగతి. ఫోన్‌లో టార్చ్ యాప్ కూడా కెమెరా వాడుకోనా అని అడుగుతుంది. ఎడిటర్ ప్లగిన్‌కి అంత మొహమాటం లేదు. నేను చదవగలిగిన ప్రతి ఫైలూ అదీ చదవగలదు, పాస్‌వర్డ్‌లు దాచినవాటితో సహా. నెట్‌కి పంపగలదు కూడా. విఎస్ కోడ్ ఈమధ్య "ఈ పబ్లిషర్‌ని నమ్ముతున్నారా" అని ఒకసారి అడుగుతోంది. నమ్ముతున్నామనే నొక్కుతాం, ఇంకేం చేస్తాం?

కాబట్టి ఏ ప్లగిన్ పెట్టుకోవాలన్నది సౌకర్యం గురించిన ప్రశ్నే అనుకుంటాం గానీ, ముఖం తెలియని మనిషిని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది కూడా అందులో ఉంది. నమ్మినందుకు ఆ మనిషికి నేనేమైనా బాకీ పడతానా అన్నది ఇంకో ప్రశ్న. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఈ రెండోదే.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం బయటపడింది. లినక్స్ మెషీన్లలో దాదాపు అన్నిట్లో ఉండే, ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. ఏళ్ళ తరబడి ఒక్కాయన జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. 2022లో కొందరు ఆయన మీద పడ్డారు: ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే వేరేవాళ్ళకి అప్పజెప్పు అని. మానసికంగా బాగాలేదనీ, ఇది డబ్బులు రాని పని అనీ ఆయన బహిరంగంగానే చెప్పుకున్నాడు. అదే కాలంలో సాయం చేస్తానంటూ వచ్చిన ఒకరు నెమ్మదిగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని తవ్వి పట్టుకోకపోతే ఏమయ్యేదో.

అందరూ ఆ దొంగ గురించి మాట్లాడుకున్నారు. నేను మాత్రం ఆ ఒత్తిడి చేసిన మెసేజ్‌ల దగ్గర ఆగిపోయాను. అవి దొంగ పేర్లతో రాసినవని చాలామంది అనుమానం. కానీ ఆ మాటలు నాకు తెలుసు. 2021లో ఒక రిలీజ్ రాత్రి, రోజూ వాడే ప్లగిన్ ఒకటి అప్‌డేట్ తర్వాత పనిచేయడం మానేస్తే, దాని పేజీలో నేనూ రాశాను: "ఈ ప్రాజెక్టు బతికుందా? చూసుకోలేకపోతే చెప్పెయ్యొచ్చు కదా." దొంగ పేరుతో కాదు, నా సొంత పేరుతో. అవతలి మనిషి మర్యాదగా సారీ చెప్పి, రెండు రోజుల్లో సరిచేశారు. కొన్ని నెలలకి, సమయం దొరకడం లేదని ఒక్క లైను రాసి ప్రాజెక్టు మూసేశారు. నా మాట వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

చట్టం ప్రకారం అయితే గొడవే లేదు. ఎలాంటి వారంటీ లేదని లైసెన్స్‌లో పెద్దక్షరాల్లో ఉంటుంది. నాకు వాళ్ళు బాకీ లేరు, వాళ్ళకి నేనూ లేను. మరి ఆ రాత్రి నాకు అంత హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇక్కడ మా ఊరి పక్కన పస్తాపూర్ గుర్తొస్తుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు జొన్నలు, కొర్రలు, సామలు లాంటి పాత పంటల విత్తనాలు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచుకుంటారు. 2019లో వాళ్ళకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. విత్తనం అమ్ముకోరు, అడిగినవాళ్ళకి ఇస్తారు. పంట చేతికొచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగివ్వాలి. అంతా తెలిసిన మొహాలే.

ప్లగిన్లూ విత్తనాల్లాంటివే అని ఇక్కడ రాసేస్తే వ్యాసం చక్కగా కుదురుతుంది. కుదరదు. గింజలు పంచితే బుట్ట ఖాళీ అవుతుంది. కోడ్ లక్షమంది కాపీ చేసుకున్నా తరగదు. అందుకే బాకీ లేదనిపిస్తుంది. తరిగేది ఇంకోటి ఉంది, రాసినవాళ్ళ సాయంత్రాలు. నా మెసేజ్ చదివిన రెండు సాయంత్రాలు ఆ మనిషివి.

అసలు ప్లగిన్లే వద్దు, ఉత్త విమ్ చాలు అనేవాళ్ళున్నారు. ఒక నెల నేనూ అలా ఉండి చూశాను. అదో రకం మడి. కింద విమ్ ఎవరిది? 1991 నుంచి 2023లో చనిపోయేదాకా దాన్ని చూసుకున్నది బ్రామ్ మూలెనార్. ఏ ఫైలూ ఇవ్వకుండా విమ్ తెరిస్తే, ఉగాండాలో పేద పిల్లలకి సాయం చేయమని ఒక లైను కనిపిస్తుంది. ఆయన అడిగింది అంతే. కాలేజీ రోజుల నుంచి ఆ లైను చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ ఆ వివరాలు తెరవలేదు.

మేనల్లుడికి 63 ఇవ్వలేదు. ఖాళీ ఫైలు తెరిచి, నీకు ఏది లేక చెయ్యి ఆగిందో అప్పుడే ఒకటి పెట్టుకో, పెట్టేముందు దాని కోడ్ ఒక పది నిమిషాలు చూడు, ఎవరు రాశారో చూడు అన్నాను. "అట్లైతే నేనెప్పుడు నేర్సుకోవాలె మామా?" అన్నాడు. వాడిదీ న్యాయమే. నేను మొదలుపెట్టినప్పుడు సీనియర్ ఇచ్చిన ఫైలు కళ్ళు మూసుకుని వేసుకున్నవాణ్ణే. రాత్రికల్లా యూట్యూబ్ చూసి, అన్నీ ముందే అమర్చిన సెటప్ ఒకటి దించుకున్నాడు. ఏమనలేదు.

గుర్తులేని ఆ 19 తీసేశాను. హైదరాబాద్ వచ్చాక రెండు రోజుల్లో నాలుగు మళ్ళీ పెట్టుకోవాల్సొచ్చింది. ఆ మూసేసిన ప్లగిన్ పేజీకి కూడా వెళ్ళాను, ఏదైనా రాద్దామని. ఆర్కైవ్ చేసిన ప్రాజెక్టు చదవడానికే ఉంటుంది, కొత్తగా ఏమీ రాయనివ్వదు. నా పాత మాట మాత్రం అక్కడే ఉంది, కింద ఆ సారీతో సహా. ప్రొఫైల్‌లో ఒక ఈమెయిల్ ఉంది. ఇంకా రాయలేదు.