బీట యెన్నడు పుట్టినది?

మా వసారా శ్లాబు అడుగున వెండ్రుకవంటి గీత యొకటి కనబడిన నాడు, మొన్నటి తుపాను గాలినో, వీథిని పోవు ఇసుక లారీలనో నిందించుటకు నేను సిద్ధపడియుండగా, వచ్చి చూచిన వృద్ధుడగు మేస్త్రి, “ఇది ఇయాల్టిది కాదు బాబుగారూ, పోసిననాడే పుట్టింది, తడుపు చాల్లేదు” అనెను. ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు.

సిమెంటు ముద్ద ఆరుచు కుదించుకొనును, కంకరరాయి కుదించుకొనదు. ఆ రెంటి సంధిలో, ఏ బరువును మోయకమునుపే, కంటికానని చీలికలు జనించును. అణచు బరువును అంతగా భరించు కాంక్రీటు, లాగు బలమునకు అందులో ఇంచుమించు పదియవ వంతు మాత్రమే యోర్చుటకు ఈ చీలికలును ఒక హేతువు. అట్లయిన వినాశము తొలినాడే యందు నిహితమై యున్నదా? నువ్వులలో నూనెవలె కార్యము కారణమునందే అవ్యక్తముగ నుండునని సాంఖ్యులందురు. మృత్తికలో లేని ఘటము నూతనముగ నారంభమగునని నైయాయికులందురు. మేస్త్రి మాటతో నా మనస్సు సాంఖ్యమువైపు మొగ్గినది. కాని అచట నిలువలేదు.

1921లో గ్రిఫిత్ అను ఆంగ్ల ఇంజనీరు, గాజు తన అణుబంధములనుబట్టి యుండవలసిన బలములో స్వల్పభాగమునే చూపుటకు దానియందలి సూక్ష్మమైన బీటలే కారణమని నిరూపించి, అంతకంటె గంభీరమైన విషయము నొకదానిని స్థాపించెను: బీట సాగుటవలన విడివడు శక్తి, రెండు క్రొత్త తలములను పుట్టించుటకు వలయు శక్తిని మించినపుడే యది తనంతట పరుగిడును. అనగా ప్రతి భారమునకును బీట పొడవున కొక అవధి కలదు. ఆ అవధికి లోపడిన బీట నిశ్చలముగ నుండవచ్చును, దాటినది రెప్పపాటులో పలకను రెండు చేయును.

నూనె ప్రతి గింజయందును గలదు. వినాశము ప్రతి బీటయందును లేదు. అట్లని కడపటి బరువే కర్త యనుటయు అన్యాయమే. బీట లేనిచో ఆ బరువు నిరపాయముగ దాటిపోయి యుండెడిది. మనుష్యు డొకడు కూలినపుడు, పుట్టుకతోడి లోపమనియో నిన్నటి మాట ఫలమనియో తీర్పు చెప్పువారిని వినినపుడెల్ల నాకు బాధ కలుగును. లోపమునకును భారమునకును నడుమనున్న ఆ కొలతను ఎవరును అడుగరు. కర్మ యను శబ్దము నుచ్చరించునపుడును దానినే మరచుచున్నామని నా నమ్మిక. ఇనుప పలకలోని బీట కొనయందు గుండ్రని రంధ్రమును తొలిచి, ఆ సూదిమొనను మొద్దుచేయు పనివాడు లోపమును తీసివేయడు. అయినను పలక నిలుచును.

మేస్త్రి ఆనాడు గీతకడ్డముగా సన్నని గాజుముక్క నొకదానిని సిమెంటుతో నతికించి, గీత కదలినచో నిది పగులునని, అప్పుడు కబురు చేయుమని చెప్పి పోయెను. నాలుగు వర్షాకాలములు గడచినవి. నేటి ఉదయమును తలయెత్తి చూచితిని, గాజు పగులలేదు.