నిప్పును కడుగువారు

కొన్ని మాటలు వస్తువును చెప్పి ఊరకుండవు. ఆ వస్తువును పట్టుకొన్న చేతిని గూడ చూపును. నిప్పు అట్టి మాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఇల్లాలు దానిని ‘అగ్గి’ యనును. అది అగ్ని శబ్దమునకు తద్భవము. ‘నిప్పు’ అచ్చ తెలుగు. ‘చిచ్చు’ గూడ దేశ్యమే. శరణులు పలికిన కన్నడములో అది ‘కిచ్చు’. మన చెవి అక్కడ కివి యైనట్లు, చెరువు కెరె యైనట్లు ఇదియు. అనలుడు, వహ్ని, పావకుడు మున్నగు వారిని పద్యములకు విడిచి, జనుల నోట నున్న మాటలను చూచిన చాలును.

అగ్గిపెట్టె ఇంటింటికి రాని దినములలో, పొద్దుననే పిడక ముక్క పట్టుకొని పొరుగింటికి పోయి నిప్పు తెచ్చుకొనుట పల్లెలలో వాడుక. బియ్యమిచ్చిన గాదె తగ్గును, నీరిచ్చిన కుండ తగ్గును. నిప్పు మాత్రము ఎందరికిచ్చినను తరుగదు. కావున నిప్పు లేదనుటకు పేదరికము సాకు కాజాలదు. ఒకనిని వెలివేయునపుడు ‘వానికి నిప్పు నీళ్ళు ఇయ్యరాదు’ అని కట్టడి చేయుటలోని మర్మ మిదియే. తనకు నష్టము లేనిదానిని గూడ ఇయ్యకుండుట! వెలి యొక్క క్రౌర్యమంతయు అందే యున్నది. (దీపాలవేళ నిప్పిచ్చిన లక్ష్మి పోవునను నమ్మకము వేరు, అది తెల్లవారువరకే.)

ఈ ఆయుధము చాలకాలము పైవారి చేతిలో నుండెను. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగెను. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడెను. ఆ దినములలో వెట్టి చేసినవారు దొరల గడీలకు పనులు మానిరి. వెలి చేయి మారినది. ఇది ధర్మమా? వెట్టి మానుట వెలి కాదు. కూలి లేక చేయించుకొన్న పని యెవని హక్కును కాదు గనుక, దానిని మానుట యెవని హక్కును హరించుట కాదు. కాని ఆ ఇంటి పసిబిడ్డకు పాలు కాచుటకు నిప్పడిగిన లేదనుట వేరు మాట. మొదటిది కాయకమునకు మర్యాద; రెండవది పాత వెలియే, కట్టినవాడు మాత్రము కొత్తవాడు.

తెలుగువారి నోట మరియొక మాట కలదు: ‘మాది నిప్పులు కడుగు వంశము’. గొప్పకు చెప్పుకొనువారును కలరు, ఎగతాళికి వాడువారును కలరు. నిప్పు తానే శుద్ధి చేయునది. దానిని కడుగువాడెవడు? కడిగినచో చుయ్యిమని బొగ్గు మిగులును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెకు శరణులు పెండ్లి జరిపిరని సంప్రదాయము. లింగము ధరించినపుడే కులము కాలిపోయినదని వారి విశ్వాసము. బిజ్జలుని కొలువు ఆ తండ్రులిద్దరికి మరణదండన విధించెనట. కొలువువారి సంగతి అటుంచుదము. నేడు లింగధారుల ఇండ్లలోనే, పెండ్లిమాటలవేళ పిల్ల గుణముకంటె ముందు శాఖను, ఉపశాఖను అడుగువారు లేరా? ఆ ఇండ్లలో చెంబుతో నీళ్ళు సిద్ధముగనే యున్నవి.

అట్లే ‘తలకొరివి’. వీరశైవునికి దహనము లేదు. లింగముతో కూర్చుండబెట్టి సమాధి చేయుదురు. అయినను ముగ్గురు ఆడపిల్లలు గల తండ్రిని చూచి, తలకొరివికి దిక్కు లేదని మన ముసలివారే నిట్టూర్తురు. కొరివి లేనిచోట ఆ మాట మాత్రము మండుచున్నది.

షట్స్థలములలో ప్రసాదిస్థలమునకు అగ్ని అంగముగా చెప్పబడినది. ప్రసాదమునకు పొయ్యి రాజవలెను, పొయ్యి రాజుటకు కాయకము కావలెను. ఇచ్చట నొక చిక్కు కలదు. సిరిసిల్లలో పురుషుడు సాంచాల కడ నిలిచియుండగా, ఇల్లాలు బీడీల చాట ఒడిలో పెట్టుకొని కూర్చుండును. కోరుట్లలోను అంతే. తునికాకును తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టును. ఆమె చేతిలో నున్నది తడియాకు. నిప్పు మరియెక్కడనో, మరియొకని పెదవులపైన. వాని రొమ్ములోని పొగతో ఈమె పొయ్యి మండుచున్నది. ఇది కాయక మగునా?

కాయకములో సత్యమైన శ్రమ యుండవలెను, లోకహితము నుండవలెను. శ్రమ ఆమె యందు నిండుగా నున్నది, వంగిన నడుమే సాక్షి. హితము లేదనునది నిజమే. పొగాకు చేయు కీడు నేడు బీడీకట్ట మీదనే అచ్చు వేయుచున్నారు. అయినను ఆ లెక్క అడుగవలసినది చాట ముందు కూర్చున్నదానినా? వేరొక పని చూపకయే ‘పాపపు సొమ్ము’ అనువాడు గూడ నిప్పును కడుగువాడే. పని చూపువారు ఇంకను రావలసియున్నది. ఆమె మాత్రము మాపటికి కట్టలు లెక్కపెట్టి అప్పగించి, ఇంటికి వచ్చి పొయ్యి అంటించుచున్నది.