పాత టీవీయా, కొత్త టీవీయా: నమ్మదగినది ఏది?



"పాత డబ్బా టీవీ ఇరువది యేండ్లు నడచినది, ఈ గోడ టీవీ మూడేండ్లకే కన్ను మూసినది" అను మాట మన అనంతసాగరము చుట్టుపట్ల పల్లెలలో తరచుగా వినబడుచున్నది. ఆత్మకూరు బజారులోను, ఉదయగిరి బస్సు స్టాండులోను ఇదే మాట. "పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని పెద్దలు చెప్పిరి గాని, టీవీల విషయములో ఆ సామెత తలక్రిందులైనట్లున్నది.

ఈ మాట ఎంతవరకు నిజము? అసలు ఒక వస్తువును నమ్మదగినదని మనము ఎందుచేత అనుచున్నాము? కూలి డబ్బు కూడబెట్టి, లేక వాయిదాల మీద, టీవీ కొనిన ఇంటివారికి ఇది చిన్న ప్రశ్న కాదు. వాయిదాలు తీరకమునుపే తెర నల్లబడినయెడల, పనికిరాని వస్తువునకు నెలనెలా అప్పు కట్టుచుండవలసి వచ్చును.

మొదట పాత పెట్టె సంగతి న్యాయముగా విచారింతము. మన దేశములో టీవీ ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. మద్రాసు కేంద్రము 1975లోను, హైదరాబాదు కేంద్రము 1977లోను, రంగుల ప్రసారము 1982లోను వచ్చినవి. హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారి టీవీలు, మద్రాసు సాలిడేర్, డయనోరా టీవీలు ఆ కాలమువారికి బాగుగా తెలిసినవే. వీధికి ఒక టీవీ యున్న రోజులవి.

ఆ పెట్టెలో బరువైన గాజు పిక్చర్ ట్యూబు ఉండెడిది. దాని మెడలోని ఫిలమెంటు వేడెక్కగా ఎలక్ట్రానులు వెలువడును. రంగుల టీవీలో ఇరువది వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు వాటిని ముందుకు లాగును. అవి తెర లోపలి పూతను తాకినప్పుడు వెలుగు పుట్టును. ఇంత వేడి, ఇంత వోల్టేజి గల వస్తువు చెడకుండ ఎట్లుండును? అది చెడుచునే యుండెడిది. ఎల్.ఓ.టి. కాలిపోవును, కెపాసిటరు ఎండిపోవును, టంకము విడిపోవును. కొన్నియేండ్లకు ట్యూబు మందగించి బొమ్మ మసకబారును.

అయినను పాత టీవీలన్నియు గట్టివని జనులు చెప్పుటకు కారణమేమి? ఇరువది యేండ్లు నడచిన టీవీ ఇంకను ఇంటి మూలనుండి సాక్ష్యమిచ్చుచున్నది. అయిదవ యేటనే పాత సామానులవానికి పోయిన టీవీ సాక్ష్యమిచ్చుటకు లేదు. మిగిలినవాటి సాక్ష్యము మాత్రమే విని తీర్పు తీర్చుట న్యాయము కాదు. పూర్వదినములు ఇప్పటివాటికంటె ఎందుకు మంచివని అడుగుట జ్ఞానము కాదని ప్రసంగి గ్రంథము ఏడవ అధ్యాయములో హెచ్చరించుటయు ఇందుకే గదా.

కొత్త టీవీలోని మేలును కూడ ఒప్పుకొనవలెను. పాత ఇరువది యొక్క అంగుళముల రంగుల టీవీని ఎత్తుటకు ఇద్దరు కావలెను. ముప్పది రెండు అంగుళముల కొత్త టీవీని ఒక్కడే గోడకు తగిలించును. తెర పెద్దదైనను కరెంటు తక్కువే కాలును. వోల్టేజి హెచ్చుతగ్గులను కొత్త టీవీలలో అనేకము స్టెబిలైజరు లేకయే ఓర్చుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా, వెల తగ్గినందున నేడు కూలివాని ఇంట కూడ టీవీ ఉన్నది. టీవీ ఉన్నవారి గుమ్మములో బిడ్డలు బయట నిలిచి తొంగిచూచిన దినములను ఎవరును తిరిగి కోరుకొనరు.

మరి కొత్తదాని లోపమెక్కడ? తెర వెనుక చిన్న ఎల్.ఇ.డి. దీపముల పట్టీలుండును. అనేక టీవీలలో ఆ దీపములు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా కలుపబడియుండును. వాటిలో ఒక్కటి తెగినను పట్టీ అంతయు ఆరిపోవచ్చును. అప్పుడు మాట వినబడును గాని బొమ్మ కనబడదు. ఇది మంచి మెకానిక్కు బాగుచేయగల జబ్బే. అయితే తెర అంచున అంటింపబడిన సన్నని పట్టీ పాడై నిలువు గీతలు వచ్చినయెడల, లేక తెర పగిలినయెడల, ప్యానెలు మార్చవలెనందురు. దాని వెల ఇంచుమించు కొత్త టీవీ వెలయంత. అప్పుడు మిగిలిన భాగములన్నియు మంచివైయుండగనే పెట్టె మొత్తము పారవేయబడును. ఎలుకమీద కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లు కాదా? ఇంటర్నెట్టుతో నడచు టీవీలలో మరియొక చిక్కు గలదు. తెర బాగుగనే యుండును గాని, తయారుచేసినవారు దానిలోని సాఫ్ట్‌వేరును సవరించుట మానివేయగా కొన్ని కార్యక్రమములు రాకపోవును.

కాబట్టి పాతది చెడలేదు, కొత్తది చెడుచున్నది అనునది అసలు భేదము కాదు. పాతది చెడినప్పుడు దానిని విప్పువాడు దగ్గరలో నుండెను, విడిభాగము దొరికెను, బాగుచేయు ఖర్చు కొత్తది కొను ఖర్చుకంటె చాల తక్కువగా నుండెను. మనము పెట్టెను పొగడుచున్నాము గాని, నమ్మకముగా నిలిచినది దాని చుట్టునున్న మనుష్యులు.

దీనికి మన దేశ చరిత్రలోనే మంచి దృష్టాంతము కలదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహము ఎ.టి.ఎస్.-6 ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు టీవీ కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇ.సి.ఐ.ఎల్. చేసిన టీవీలను, పది అడుగుల వలకంచె వంటి యాంటెన్నాలను ఆ గ్రామములలో నిలిపిరి. మెకానిక్కు లేని పల్లెలో టీవీ చెడినచో ఎవరు బాగుచేయుదురను ప్రశ్నను వారు విడువలేదు. మరమ్మతు కేంద్రములను కూడ ఏర్పరచిరి. టీవీతోపాటు దాని బాధ్యతను కూడ పల్లెకు పంపిరి.

ఆ బాధ్యత నేడు ఎవరిది? కొనువానిదే అందురా? గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. మరమ్మతు కూడ ఆ లెక్కలోనిదే. చౌకగా మూడుమారులు కొనినది చౌక కాదు. అయితే చేతిలో ఉన్నదే అంత అయిన బీదవానికి ఈ ఉపదేశము ఏమి మేలు చేయును? మంచిది కొనుమని వానికి చెప్పుట సులభము, డబ్బిచ్చువారు లేరు. కాబట్టి బరువు మొదట తయారుచేయువాని మీదనే యుండవలెను. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి మొదలుకొని అమలైన నియమము ప్రకారము, ఒక రకము టీవీ అమ్మకము ముగిసిన తరువాత కూడ కనీసము ఏడు సంవత్సరములు దాని ముఖ్యమైన విడిభాగములు మరమ్మతుదారులకు దొరుకవలెను. మన కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు, పాడైన సామగ్రి భారమును తయారీదారుల మీద కూడ పెట్టినవి. చట్టము వచ్చినంతనే న్యాయము పల్లెకు చేరదు, అడుగువారు ఉండవలెను.

యిర్మీయా చూచిన కుమ్మరి సారె మీద పాత్ర చెడిపోయెను. కుమ్మరి మట్టిని విసరివేయలేదు. ఆ మట్టితోనే మరల పాత్ర చేసెను. తన చేతిపని చెడినప్పుడు దాని దగ్గర నిలుచుట పనివాని ధర్మము. అమ్మిన మరునాడే ముఖము చాటువేయువాడు ఎంత మెరయు వస్తువు అమ్మినను నమ్మదగినవాడు కాడు.

ఇక మనము చేయదగినవి కొన్ని గలవు. అంగడిలో తెర ఎంత పెద్దదని మాత్రమే అడుగక, గ్యారంటీ ఎన్నియేండ్లు, ప్యానెలు దానిలో చేరినదా, చెడినప్పుడు ఆత్మకూరులో గాని నెల్లూరులో గాని బాగుచేయువారున్నారా అని అడుగుదము, రశీదు భద్రపరచుకొందము. వెలుగు మరీ ఎక్కువగా పెట్టక తగ్గించినచో దీపముల పట్టీలు ఎక్కువ కాలము నిలుచును. ఉరుము మెరుపుల వేళ కరెంటు ప్లగ్గును, డిష్ తీగను రెంటిని తీసివేయుదము. పాత పిక్చర్ ట్యూబు గాజులో సీసము కలదు. దానిని చెరువు గట్టున పగులగొట్టి పారవేయరాదు. రాగి తీగకొరకు పిల్లలచేత విప్పింపరాదు. అట్టి వ్యర్థములను తీసికొను అధికార కేంద్రమునకే పంపవలెను.

మరియు మెకానిక్కు రెండు గంటలు శ్రమించి రెండు రూపాయల భాగము మార్చినప్పుడు, "రెండు రూపాయల వస్తువునకు ఇంత కూలియా?" అని బేరమాడకుందము. మనము చెల్లించునది ఆ భాగమునకు కాదు, దానిని కనిపెట్టిన కన్నునకు. వాని కూలి మనము ఎగగొట్టుచు పోయినయెడల, వాడు అంగడి మూసి పట్టణమునకు కూలికి పోవును. ఆమీదట మన ఊరిలో ఏ టీవీయు, పాతదైనను కొత్తదైనను, నమ్మదగినది కాకపోవును.