మఱ్ఱి నీడలో రెండు ఆజ్ఞలు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 20:19, 20, 22:8



హైదరాబాదునుండి బీజాపూరు పోవు రోడ్డుమీద, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతముల మఱ్ఱిచెట్లను మనలో ఎరుగనివారు లేరు. పోలీసు అకాడమీ మొదలు మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 చెట్లున్నవి. ఇవి నిజాము కాలమున నాటినవని చెప్పుదురు. చిలుకూరు ప్రక్కనున్న మృగవని జాతీయవనమునకు కంచె కలదు, కావలివారు కలరు. ఈ చెట్లకు కంచె లేదు; ఇవి బాటసారుల వనము.

మేము ఆ చెట్ల క్రింద నిలిచి చూచితిమి. ఇరుప్రక్కల కొమ్మలు రోడ్డుమీదుగా కలిసి పందిరివలె ఉన్నవి. ఊడలు నేలకు దిగి మ్రానులైనవి. ఎఱ్ఱని పండ్లకు పక్షులు మూగియున్నవి. పక్షి తిని విడిచిన ఆవగింజకన్న చిన్న విత్తనమే ఇంతటి వృక్షమగుచున్నది. యెరికో త్రోవలో జక్కయ్య ఎక్కిన మేడియు ఈ కుటుంబములోనిదే. వీటిని నాటిన కూలీల పేర్లు మనమెరుగము. అబ్రాహాము పరదేశియై యుండియు బెయేర్షెబాలో చెట్టు నాటెను (ఆది. 21:33). చెట్టు నాటువాడు తాను చూడని తరమును ప్రేమించుచున్నాడు.

అయితే ఆ నీడలో నిలిచినప్పుడు మన హృదయము బరువెక్కక మానదు. రోడ్డు ఇరుకు, బండ్లు అనేకము. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున చేవెళ్ల మండలములోని మీర్జాగూడ దగ్గర, తాండూరునుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సును కంకర లారీ ఢీకొనగా 19మంది మరణించిరి. కంకర బస్సులోనివారి మీద పడెను. ఆ ఇండ్ల దుఃఖము ఇంకను తీరలేదు.

రోడ్డును వెడల్పు చేయవలెనని చాల కాలమునుండి కోరిక యున్నది. చెట్లను కొట్టవద్దని ప్రకృతి ప్రేమికులు 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించిరి. 2025లో అధిక భాగము చెట్లను ఉన్నచోటనే నిలిపి, కొన్నిటిని వేరొకచోటికి తరలించి నాటుటకు ఒప్పుదల కుదిరెను. ఆ ప్రమాదము తరువాత, "చెట్లు ముఖ్యమా, మనుష్యులు ముఖ్యమా?" అని అనేకులడిగిరి.

ప్రియులారా, ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రమేమనుచున్నది? ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో, యుద్ధమున పట్టణమును ముట్టడించునప్పుడు సహితము ఫలమిచ్చు చెట్టుమీద గొడ్డలి ఎత్తరాదని దేవుడు శాసించెను. 22వ అధ్యాయములో, క్రొత్త యిల్లు కట్టువాడు ఎవడును పడి చావకుండునట్లు మిద్దెకు పిట్టగోడ కట్టించవలెననెను. కట్టించనియెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. చూడుడి, రెండు ఆజ్ఞల నడుమ ఒక్క అధ్యాయమే దూరము. చెట్టును కాపాడుమన్న దేవుడే ప్రాణమును కాపాడుమనెను. ఒకదానిని అడ్డుపెట్టుకొని రెండవదానిని తప్పించుకొనుటకు ఆయన మనకు సెలవియ్యలేదు. చెట్టు ఎవరిమీదికిని పరుగెత్తి రాలేదు. అయినను రోడ్డును క్షేమకరముగా చేయుటలో ఆలస్యము పాపమే. రెంటిని కాపాడుటకు శ్రమ, ఖర్చు, ఓర్పు కావలెను. మన ప్రేమకు పరీక్ష అక్కడనే గదా!

కావున మన సంఘములు ఏమి చేయవలెను? రాత్రివేళ ట్రాక్టరు వెనుక దీపముండుట నేటి పిట్టగోడ. మన యువకులు హెల్మెట్ పెట్టుకొనుట, త్రాగి బండి నడుపకుండుట, మలుపులో తొందరపడకుండుట పిట్టగోడ. చెట్టు మొదట చెత్త కాల్చకుండుదము, మ్రానులో మేకులు దిగగొట్టకుండుదము. గుడి ఆవరణములోను సమాధుల స్థలములోను ఒక్కొక్క మొక్క నాటి, మూడు వేసవులు నీళ్లు పోయుదము. ఆ ప్రమాదములో తమవారిని కోల్పోయిన కుటుంబములను, వారు ఏ మతస్థులైనను, ఆదివారపు ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందము.

నీడను ఇచ్చిన దేవుడు, ఆ నీడలో నడచు ప్రతి బాటసారిని క్షేమముగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.